యూరప్ డేటా నల్లగొండ తెర మీదికి వచ్చినప్పుడు

ముందు ప్రశ్న క్లుప్తంగా. నల్లగొండలో 16 మందితో ఒక బ్యాక్ ఆఫీసు నడుస్తోంది. మూడేళ్లుగా అమెరికా క్లినిక్కులకు మెడికల్ బిల్లింగ్ చేస్తున్నారు. జర్మనీలో వినికిడి యంత్రాలు అమ్మే ఒక సంస్థ తన ఖాతాదారుల బిల్లులు, ఫిర్యాదుల పని ఇస్తానంటోంది. డేటా ఫ్రాంక్‌ఫర్ట్‌లోని సర్వర్‌లోనే ఉంటుంది, ఇక్కడివారు లాగిన్ అయి చూస్తారు. అయినా వాళ్ల లాయరు 41 పేజీల ఒప్పందం పంపి, భారతదేశ చట్టాల మీద ఒక ప్రశ్నావళి కూడా నింపమన్నారు. అడిగినవారి సందేహాలు ఇవి: డేటా ఇక్కడికి రానప్పుడు ఇన్ని కాగితాలెందుకు? మన కొత్త డేటా చట్టం మాకు వర్తిస్తుందా? పని పెరిగితే మిర్యాలగూడలో తెలిసినవాళ్లకు కొంత ఇవ్వవచ్చా? చిన్నవాళ్లను తప్పించడానికే ఇవన్నీ పెట్టారా? పుట్టపాకలో తేలియా రుమాళ్లు నేసి ఆన్‌లైన్‌లో అమ్మే మా పిన్నివాళ్లకూ ఈ చిక్కు వస్తుందా?

మొదటి ప్రశ్న దగ్గరే కొంచెం ఎక్కువసేపు ఉంటాను. మిగతావాటికి జవాబు దానిలోంచే వస్తుంది.

ఫైలు మన కంప్యూటర్‌లోకి దిగితేనే డేటా దేశం దాటినట్టని చాలామంది అనుకుంటారు. యూరప్ చట్టం అలా చూడదు. ఫ్రాంక్‌ఫర్ట్ సర్వర్‌లో ఉన్న ఒక పెద్దాయన పేరును నల్లగొండలో కూర్చున్న మనిషి తెర మీద చదివితే చాలు, ఆ సమాచారం భారతదేశానికి చేరినట్టే. దూరం నుంచి లాగిన్ అయి చూడటం కూడా బదిలీయేనని యూరోపియన్ డేటా ప్రొటెక్షన్ బోర్డు తన మార్గదర్శకాల్లో రాసింది. నాకు అది న్యాయంగానే కనిపిస్తుంది. కంటికి కనిపించినదాన్ని చేత్తో రాసుకోవచ్చు, ఫోనుతో ఫోటో తీసుకోవచ్చు. సర్వర్ ఏ ఊళ్లో ఉందో ఆ పెద్దాయనకు పట్టదు. తన చెవుడు సంగతి ఎవరు చదివారు, చదివినవాళ్లు తప్పు చేస్తే తాను ఎవరిని నిలదీయాలి అన్నదే ఆయనకు కావాలి. పైగా వినికిడి యంత్రం కొన్నవారి వివరాలంటే అవి ఆరోగ్య సమాచారం కిందికి వస్తాయి. 2018 మే 25 నుంచి అమలులో ఉన్న యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్, మామూలు పేరూ చిరునామాకన్నా దానికి గట్టి కాపలా పెట్టింది.

ఇందులో నాకు తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. 2014లో హైదరాబాద్‌లో, డాక్టర్లు చెప్పింది విని టైపు చేసే ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ సంస్థలో నేను నాణ్యత విభాగం చూసేవాణ్ని. డాక్టరు చెప్పిన ఒక మందు పేరు సరిగా వినపడక, దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి తెరను ఫోటో తీసి తోటివాళ్ల వాట్సాప్ గ్రూపులో "ఈ మందు ఏదో చెప్పండి" అని పెట్టింది. శ్రద్ధగా పనిచేసే పిల్ల. మందు పేరు తప్పు పడితే రోగికి ప్రమాదమన్న భయంతోనే అడిగింది. కానీ ఫోటో పై మూలలో రోగి పేరు, పుట్టిన తేదీ ఉన్నాయి. గ్రూపులో 30 మందికి పైగా ఉన్నారు. వాళ్లలో ఇద్దరు అప్పటికే ఉద్యోగం మానేసినవాళ్లు. నెల తిరగకముందే ఆ ఖాతా మా చేతినుంచి పోయింది. సర్వర్ అమెరికాలోనే ఉంది, ఒక్క ఫైలూ ఇక్కడికి దిగలేదు. అనుమానం వస్తే ఎవరిని, ఏ దారిలో అడగాలో ఆ అమ్మాయికి మేం చెప్పనేలేదు. తప్పు మాది, మాట పడింది ఆమె. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు బాధపడుతుంది.

మీ విషయంలోనూ అలాంటి చోటు ఒకటి నాకు ఇప్పుడే కనిపిస్తోంది. ఫిర్యాదులు జర్మన్ భాషలో వస్తాయి. మీ 16 మందిలో జర్మన్ చదవగలిగేవారు ఎందరు? రానివారు ఏం చేస్తారో నాకు తెలుసు. ఫిర్యాదు మొత్తం కాపీ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే అనువాద యంత్రంలోనో, ఏఐ చాట్ పెట్టెలోనో అతికిస్తారు. ఆ క్షణంలోనే ఆ పెద్దాయన పేరు, చెవుడు, ఇంటి చిరునామా మీకు ఏ ఒప్పందమూ లేని మూడో కంపెనీ చేతికి వెళ్లిపోతాయి. ఆ కంపెనీ సర్వర్ ఇంకో దేశంలో ఉండవచ్చు. మీరు దొంగతనం చేయలేదు, ఎవరికీ అమ్మలేదు. అయినా ఒప్పందం ఉల్లంఘించినట్టే. 41 పేజీలు చదివినా ఈ ప్రమాదం కంటపడదు, ఎందుకంటే అది మీ ఆఫీసులో మధ్యాహ్నం మూడు గంటలకు జరిగే పనిలో ఉంది.

ఇక ఆ ఒప్పందం సంగతి. అందులో ఎక్కువ భాగం మీ ఖాతాదారు లాయరు సొంతంగా రాసింది అయి ఉండదు. 2021 జూన్‌లో యూరోపియన్ కమిషన్ ఆమోదించిన ప్రామాణిక ఒప్పంద నిబంధనలవి. నాలుగు రకాలున్నాయి. డేటా యజమాని తన పని చేసిపెట్టే సంస్థకు పంపే రెండో రకం మీది. ఆ నిబంధనల్లో మాట మార్చడానికి వాళ్లకూ హక్కు లేదు, కాబట్టి సవరణలు అడిగి రోజులు పోగొట్టుకోకండి. మీరు శ్రద్ధ పెట్టవలసింది చివరి అనుబంధాల మీద. మొదటిదానిలో ఎవరి డేటా, ఏ పనికి, ఎంతకాలం అన్నది ఉంటుంది. రెండోదానిలో భద్రతా ఏర్పాట్లు. మూడోదానిలో మీరు ఇంకెవరికైనా పని అప్పగిస్తే వాళ్ల పేర్లు.

ఈ కాగితం మీకెందుకు, జపాన్ కంపెనీకి ఎందుకు అక్కర్లేదు అంటే, యూరప్ కొన్ని దేశాల చట్టాలను తన చట్టంతో సరితూగేవిగా గుర్తిస్తుంది. జపాన్‌కు ఆ గుర్తింపు 2019లో, దక్షిణ కొరియాకు 2021లో వచ్చింది. మనకు లేదు. ప్రశ్నావళికి మూలం మాత్రం ఇంకోచోట ఉంది. ఆస్ట్రియాకు చెందిన మాక్స్ ష్రెమ్స్ అనే ఆయన తన వివరాలను ఫేస్‌బుక్ అమెరికాకు పంపడం మీద చాలా ఏళ్లు పోరాడారు. యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2015లో ఒకసారి, 2020 జూలైలో మరోసారి అమెరికాతో ఉన్న ఏర్పాట్లను కొట్టేసింది. 2020 తీర్పులో మనకు సంబంధించిన ముక్క ఒకటుంది: ఒప్పందం మీద సంతకం చేస్తే సరిపోదు, డేటా వెళ్లే దేశంలో ప్రభుత్వం దాన్ని ఎలా అడగగలదో కూడా పంపేవారే చూసుకోవాలి. 2023 మేలో ఐర్లండ్ నియంత్రణ సంస్థ ఫేస్‌బుక్ యజమాని మెటాకు 120 కోట్ల యూరోల జరిమానా వేసింది ఇలాంటి బదిలీల మీదే. ఆ సంఖ్య చూసిన లాయరు నల్లగొండకు ప్రశ్నావళి పంపకుండా ఉంటారా?

దాన్ని నిజాయతీగా నింపండి. "మా దేశంలో ప్రభుత్వం డేటా అడగదు" అని మాత్రం రాయకండి. వాళ్లకు తెలియని సంగతులు కావివి. 2000 నాటి ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద ప్రభుత్వం కంప్యూటర్‌లోని సమాచారాన్ని చూడటానికి ఆదేశం ఇవ్వగలదు. దానికి 2009లో చేసిన నియమాలున్నాయి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన జరిగితే 6 గంటల్లో తెలియజేయాలి, కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదయ్యే లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. ఇవన్నీ రాసి, కింద మీ సొంత అనుభవం రాయండి: ఇప్పటిదాకా మీకు అలాంటి ఆదేశం వచ్చిందా, వస్తే ఖాతాదారుకు ఎలా చెబుతారు, మీ దగ్గర అసలు ఏ డేటా నిలవ ఉండదు. చూడటానికే తప్ప నిలవ చేయడానికి వీల్లేని ఏర్పాటు ఉంటే, అడిగినా ఇవ్వడానికి మీ దగ్గర పెద్దగా ఏమీ ఉండదు. మీకున్న అతి పెద్ద బలం అదే, గట్టిగా చెప్పుకోండి.

6 గంటల గడియారం సంగతి ఆఫీసులో కూడా రాసిపెట్టుకోండి. జీడీపీఆర్ కింద జర్మనీ సంస్థ తన నియంత్రణాధికారికి చెప్పడానికి 72 గంటలున్నాయి. మనవైపు గడువు దానికన్నా చాలా తక్కువ. ఆదివారం రాత్రి ల్యాప్‌టాప్ పోతే ఎవరు ఎవరికి ఫోను చేయాలో ముందే తేలి ఉండాలి.

మన చట్టం మీకు వర్తిస్తుందా అన్నదానికి జవాబు మీకు ఊరటనిచ్చేదే. 2018లో డేటా రక్షణ చట్టం కోసం శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదాలో వ్యక్తిగత డేటాకు ఒక నకలు దేశంలో ఉంచాలన్న ఆలోచన ఉండేది. ఆ తరువాత వచ్చిన 2019 బిల్లును 2022 ఆగస్టులో వెనక్కి తీసుకున్నారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దారి మార్చింది. ఏ దేశానికీ పంపకూడదని చెప్పకుండా, కేంద్రం ప్రత్యేకంగా నిషేధించిన దేశాలకు మాత్రమే పంపకూడదంది. మీకు ముఖ్యమైనది 17వ సెక్షన్. విదేశీ సంస్థతో చేసుకున్న ఒప్పందం ప్రకారం, విదేశాల్లో ఉన్నవారి వివరాలతో ఇక్కడ పనిచేస్తే చాలా బాధ్యతల నుంచి మినహాయింపు ఉంది. మన సేవల ఎగుమతి దెబ్బతినకూడదనే అది పెట్టారు. అయితే తగిన భద్రతా ఏర్పాట్ల బాధ్యతను ఆ మినహాయింపు తీసేయదు, అందులో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. మీ 16 మంది ఉద్యోగుల ఆధార్, బ్యాంకు వివరాలకు కూడా ఈ మినహాయింపు వర్తించదు. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఆ లోపు మీ ఇంటిని సర్దుకోండి.

మీ అమెరికా పని గురించి ఒక మాట. మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. అమెరికాలో అన్నిటికీ వర్తించే ఒకే జాతీయ గోప్యతా చట్టం లేదు. ఆరోగ్య సమాచారానికి 1996 నాటి హిప్పా అనే చట్టం ఉంది. అది డేటా దేశం దాటకూడదని చెప్పదు, ఒప్పందం ఉండాలంటుంది. కానీ కొన్ని రాష్ట్రాలు మెడికెయిడ్ (పేదలకిచ్చే ప్రభుత్వ వైద్య బీమా) రోగుల పని విదేశాలకు ఇవ్వనివ్వవు. మీ క్లినిక్కులు ఏ రాష్ట్రాల్లో ఉన్నాయో, వాటిలో మెడికెయిడ్ రోగులున్నారో ఈ వారమే చూసుకోండి.

మిర్యాలగూడ సంగతి. ఖాతాదారుకు రాతపూర్వకంగా తెలిపి, వాళ్లు ఒప్పుకొని, మూడో అనుబంధంలో పేరు ఎక్కిన తరువాతే ఇవ్వాలి. మీరు సంతకం చేసిన బాధ్యతలన్నీ వాళ్లూ సంతకం చేయాలి. వాళ్లు తప్పు చేస్తే జవాబు చెప్పేది మీరే. ఇది అతి జాగ్రత్త అనిపిస్తే 2003లో జరిగినది గుర్తు చేస్తాను. సాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రి టైపింగ్ పని ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి మారుతూ చివరికి కరాచీలోని ఒక మహిళకు చేరింది. ఆమెకు డబ్బు అందలేదు. ఇవ్వకపోతే రోగుల రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతానని ఆమె ఆసుపత్రికే రాసింది. తమ పని అంతదూరం వెళ్లిందని ఆసుపత్రికి అప్పటిదాకా తెలియదు. ఆ గొలుసులో అందరికన్నా తక్కువ డబ్బు ముట్టవలసిన మనిషికే అదీ ముట్టలేదన్న సంగతి నేను మరచిపోలేను. మీరు మిర్యాలగూడకు పని ఇస్తే నెలనెలా సమయానికి డబ్బు ఇవ్వండి. అది కూడా డేటా భద్రతే.

చిన్నవాళ్లను తప్పించడానికే పెట్టారా అన్నారు. ఆ ఉద్దేశంతో పెట్టారని నేను అనుకోను. ఫలితం మాత్రం కొంతవరకు అలాగే ఉంది. మన వడ్ల కొనుగోలు కేంద్రాలను చూడండి. తేమ 17 శాతం మించకూడదన్న నిబంధన అందరికీ ఒకటే. ఆరబోసుకోవడానికి స్థలం ఉన్న రైతు రెండు రోజుల్లో కాంటా వేయించుకుంటాడు. లేనివాడు రోడ్డు పక్కన వడ్లు పోసి, మబ్బు పట్టినప్పుడల్లా టార్పాలిన్ కప్పుతూ రాత్రంతా కాపలా ఉంటాడు. డేటా ఒప్పందాలూ అంతే. హైదరాబాద్‌లో వేలమంది ఉన్న కంపెనీకి న్యాయ విభాగం ఉంది, ఒకసారి తయారు చేసిన పత్రం వంద ఖాతాదారులకు పనికొస్తుంది. మీకు ఒక ఖాతాదారు కోసమే అదంతా మొదటినుంచి చేయాలి. మీరు చెల్లించే సుంకం అదే, ఏ కస్టమ్స్ రశీదులోనూ కనిపించదు. ఎలక్ట్రానిక్ ప్రసారాల మీద సుంకం వేయరాదని ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలు 1998లో అనుకున్నాయి, తరువాత పలుమార్లు పొడిగించాయి. అక్కడ సుంకం లేకపోయినా మీ లాయరు ఫీజు ఉంది.

మనమూ ఇలాంటివి పెట్టాం, అది కూడా ఒప్పుకోవాలి. చెల్లింపుల డేటా భారతదేశంలోనే నిలవ ఉండాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. పాటించలేదని 2021 జూలై నుంచి దాదాపు ఏడాదిపాటు మాస్టర్‌కార్డ్‌ను కొత్త ఖాతాదారులను చేర్చుకోనివ్వలేదు. ఆ ఆదేశాన్ని నేను సమర్థిస్తాను. మన డబ్బు లెక్కలు మన నియంత్రణ సంస్థకు అందుబాటులో ఉండాలి. అలాగే 2019లో ఒసాకాలో జీ20 దేశాల్లో చాలావరకు డేటా స్వేచ్ఛా ప్రవాహం మీద ప్రకటన చేసినప్పుడు మన దేశం సంతకం పెట్టలేదు. నియమాలు పెట్టుకునే హక్కు చేజారకూడదన్నది ప్రభుత్వ వాదన. అది కొట్టిపారేయదగింది కాదు. అందరికన్నా గట్టిగా స్వేచ్ఛా ప్రవాహం గురించి చెప్పిన అమెరికా కూడా 2023 అక్టోబరులో ప్రపంచ వాణిజ్య సంస్థ చర్చల్లో ఆ ప్రతిపాదనల నుంచి వెనక్కి తగ్గింది.

అయితే ఈ జాగ్రత్తకు ఖర్చు ఎవరు పెడుతున్నారన్నది ఢిల్లీలో ఎవరూ లెక్కగట్టడం లేదని నాకు బాధ. యూఏఈతో 2022లో అమలులోకి వచ్చిన వాణిజ్య ఒప్పందంలో డిజిటల్ వాణిజ్యం మీద అధ్యాయం ఉంది కానీ, దాని మీద వివాద పరిష్కారానికి వెళ్లే వీలు లేదు. ఇక యూరప్, తన డేటా గుర్తింపును వాణిజ్య బేరసారాల్లో ఇవ్వదు. అది వేరే దారిలో, చట్టాన్ని పరిశీలించిన తరువాతే ఇస్తుంది. స్వతంత్రమైన నియంత్రణ సంస్థ ఉందా, ప్రభుత్వానికిచ్చిన మినహాయింపులకు హద్దు ఉందా అని చూస్తుంది. మన డేటా రక్షణ బోర్డు సభ్యులను కేంద్రమే నియమిస్తుంది, ప్రభుత్వ సంస్థలకు విశాలమైన మినహాయింపులున్నాయి. అవి సరిచేస్తే మొదట లాభపడేది మన పౌరులు, ఆ వెంటనే మీలాంటి 16 మంది ఆఫీసులు. నల్లగొండలో, మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో ఐటీ టవర్లు కట్టారు, సంతోషం. అక్కడ అద్దె రాయితీతో పాటు ఇలాంటి ఒప్పందాలు చదివిపెట్టే మనిషి ఒకరిని కూర్చోబెడితే చిన్న సంస్థలకు ఇంకా ఎక్కువ మేలు జరుగుతుంది.

మీ పిన్నివాళ్ల రుమాళ్ల గురించి భయపడవలసినది తక్కువ. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి నేసిన బట్ట అది. 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాన్ని కొన్న పారిస్ మనిషి తన చిరునామా తానే ఇచ్చినప్పుడు, మీకు అవసరమైనట్టు బదిలీ ఒప్పందం అవసరం లేదు. వెబ్‌సైటు యూరప్‌లో తెరుచుకున్నంత మాత్రాన జీడీపీఆర్ వర్తించదు. ధరలు యూరోల్లో పెట్టి, జర్మనీకీ ఫ్రాన్స్‌కూ పంపుతామని ప్రకటిస్తే మాత్రం అక్కడి కొనుగోలుదారులను ఉద్దేశించి అమ్ముతున్నట్టే, అప్పుడు వర్తిస్తుంది. అందువల్ల పార్సిల్ పంపడానికి కావలసినంత వరకే అడగమనండి. పుట్టిన తేదీ ఎందుకు? కొన్నవారి ఫోను నంబర్లను పండుగ ఆఫర్ల గ్రూపులో చేర్చవద్దనండి. పాత చిరునామాల పుస్తకం దుకాణం బల్ల మీద తెరిచి ఉంచవద్దనండి. వ్యాపారం పెరిగి యూరప్‌కు క్రమం తప్పకుండా పంపే స్థాయి వస్తే, అక్కడ ఒక ప్రతినిధిని నియమించుకోవలసి రావచ్చు. అది అప్పుడు చూద్దాం.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. ఒక ఫిర్యాదును తీసుకుని, అది తెర మీద తెరుచుకున్నప్పటినుంచి మూసేదాకా పక్కన కూర్చుని చూడండి. పేరు ఎక్కడెక్కడ పడుతోందో రాసుకోండి. బ్రౌజర్‌లో నిలిచిపోతోందా, టీమ్ లీడర్ ఎక్సెల్‌లోకి ఎక్కుతోందా, ప్రింటర్‌కు వెళుతోందా, ఎవరి ఫోను బల్ల మీద ఉంది. చూసింది చూసినట్టు రాస్తే రెండో అనుబంధంలో సగం దానంతట అదే తయారవుతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా నుంచి ఎత్తి రాయకండి. లేని బయోమెట్రిక్ తలుపు ఉందని రాస్తే తనిఖీకి వచ్చిన రోజు తలదించుకోవాలి. తాళం, సీసీ కెమెరా, ఫోన్లు పెట్టే అల్మారా ఉన్నాయని రాసినా ఒప్పుకుంటారు, అవి నిజంగా ఉంటే.

జర్మనీ వాళ్లతో తరువాత మాట్లాడేటప్పుడు అనువాదం సంగతి మీరే మొదట ఎత్తండి. ఫిర్యాదులు ఇంగ్లిషులోకి మార్చే ఏర్పాటు వాళ్ల సర్వర్‌లోనే, వాళ్ల ఒప్పందం కింద పెట్టగలరా అని అడగండి. పెడితే ఆ పరికరం తప్ప ఇంకేదీ మీ కంప్యూటర్లలో తెరుచుకోకుండా ఆపేయండి. పెట్టలేమంటే జర్మన్ వచ్చినవారిని తీసుకోవాలి, ఆ జీతం ధరలో కలపాలి. రెండో అనుబంధం రాశాక ఖాతాదారు పేరు కొట్టేసి ఇక్కడే పెట్టండి, వాక్యం వాక్యం చూసి చెబుతాను.